"శ్రీనివాస్" అవతార్‌లో "శ" ఒక్కటే వస్తోంది: లైబ్రరీని ఫోర్క్ చేయాలా, పీఆర్ పంపాలా?

కోనసీమ_కోడర్

అందరికీ నమస్కారం. మాది చిన్న టీమ్. ఊళ్లలో పొదుపు సంఘాల కోసం ఒక వెబ్ యాప్ చేస్తున్నాం. వాడేవాళ్లలో చాలామంది తెలుగులోనే చదువుతారు కాబట్టి పేర్లు, ఊర్లు, ఫిర్యాదులు అన్నీ తెలుగులోనే ఉంటాయి. ఫ్రంటెండ్ (స్క్రీన్ మీద కనిపించే భాగం) రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో. బటన్లు, కార్డులు, అవతార్లు సొంతంగా రాసుకునే టైమ్ లేక ఎంఐటీ లైసెన్స్ ఉన్న ఒక ఓపెన్ సోర్స్ కాంపొనెంట్ లైబ్రరీ తీసుకున్నాం. పేరు అనవసరం, చాలా లైబ్రరీల్లో ఇదే కథ.

ఫోటో లేని సభ్యుడికి గుండ్రటి అవతార్‌లో పేరులోని మొదటి అక్షరం రావాలి. "శ్రీనివాస్"కి "శ" వస్తోంది. "జ్యోతి"కి "జ". కార్డు టైటిల్ పొడవైతే లైబ్రరీ కోసి చివర చుక్కలు పెడుతుంది. "రాష్ట్రం" మధ్యలో కోత పడితే "రాష్…" అని మిగులుతోంది. ఇక ఫిర్యాదు పెట్టెలో 100 అక్షరాల లిమిట్ ఉంది. "క్షమించండి" అని కొడితే కౌంటర్ ఒక్కసారిగా 10 పెరిగింది. టెస్టింగ్‌కి వచ్చిన ఆవిడ "నేను నాలుగు అక్షరాలేగా రాశాను" అన్నారు.

సోర్స్ తెరిచి చూశాను. అవతార్‌లో స్ట్రింగ్ సున్నా ఇండెక్స్ (మొదటి క్యారెక్టర్), టైటిల్‌లో స్లైస్ (కోత), కౌంటర్‌లో లెంగ్త్ (పొడవు). అంతే. హిందీ పేర్ల గురించి ఎవరో వేసిన ఇష్యూ (లోపం గురించిన రిపోర్టు) ఒకటి జవాబు లేకుండా పడి ఉంది. డెలివరీ దగ్గర పడింది. మా లీడ్ ఫోర్క్ చేసేయమంటున్నారు, అంటే లైబ్రరీకి సొంత కాపీ తీసుకుని మార్చుకోవడం. నాకేమో పీఆర్ పంపాలని ఉంది, అంటే మా మార్పుని అసలు లైబ్రరీలోనే కలుపుకోమని అడగడం. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్

ఫోర్క్ కొట్టు బ్రో. ఎంఐటీ లైసెన్స్, అడిగేవాడు లేడు. లైసెన్స్ ఫైల్ మాత్రం తీసేయకు. మూడు లైన్ల మార్పు కోసం ముక్కూమొహం తెలియనివాళ్ల అప్రూవల్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే క్లయింట్ ఊరుకోడు.

సెమీకోలన్

ఫోర్క్ చేయడం ఐదు నిమిషాల పని. దాన్ని పోషించడమే అసలు పని. రేపు ఆ లైబ్రరీలో సెక్యూరిటీ ఫిక్స్ వస్తే మీ ఫోర్క్‌లోకి ఎవరు తెస్తారు? లీడ్ వేరే కంపెనీకి వెళ్లిపోయాక ఆ రిపో (కోడ్ దాచే చోటు) ఎందుకు ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు.

మధ్యేమార్గం ఉంది. ప్యాచ్-ప్యాకేజ్ అనే టూల్ చూడండి, పీఎన్‌పీఎమ్ వాడితే అందులోనే ప్యాచ్ కమాండ్ ఉంటుంది. నోడ్ మాడ్యూల్స్‌లో (దింపుకున్న లైబ్రరీలు ఉండే ఫోల్డర్) మీరు చేసిన మార్పును చిన్న డిఫ్ ఫైల్‌గా (ఏం మారిందో మాత్రమే రాసి ఉండేది) మీ రిపోలోనే దాస్తుంది, ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ దాన్ని మళ్లీ అతికిస్తుంది. లైబ్రరీ మారి ప్యాచ్ అతకకపోతే ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి మీకు తెలియకుండా ఏదీ జరగదు. ఒక్క ఇబ్బంది: నోడ్ మాడ్యూల్స్‌లో ఉండేది ఒరిజినల్ సోర్స్ కాదు, బిల్డ్ అయిన డిస్ట్ ఫైలు. మినిఫై చేసి (కుదించి) ఉంటే ప్యాచ్ చదవడం నరకం. ముందు అది చూసుకోండి.

దీంతోపాటు లైబ్రరీ వెర్షన్‌ని కచ్చితంగా ఒకదానికి బిగించండి, ముందు ఉండే క్యారెట్ గుర్తు తీసేయండి. సీఐలో (ప్రతి మార్పుకీ టెస్టులు తనంతట తనే నడిపే ఏర్పాటు) ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎమ్ సీఐ కమాండ్ వాడండి. అది లాక్‌ఫైల్‌లో (కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైలు) ఏముందో అదే దింపుతుంది, ప్యాకేజ్ ఫైలుకీ లాక్‌ఫైల్‌కీ పొంతన లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇంకోటి. టైటిల్‌ని జావాస్క్రిప్ట్‌తో కోయడం ఎందుకసలు? సీఎస్ఎస్‌లో టెక్స్ట్-ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్ పెడితే బ్రౌజరే ఒత్తులు విరగకుండా చూసుకుంటుంది. రెండు మూడు లైన్లు కావాలంటే లైన్-క్లాంప్ ఉంది. అక్కడ లైబ్రరీ ఆప్షన్ ఆఫ్ చేసి సీఎస్ఎస్ వాడితే మీ మూడు సమస్యల్లో ఒకటి ఇప్పుడే పోతుంది.

ఒత్తులక్క

కోనసీమ గారూ, పీఆర్ పంపే ముందు అసలు ఏం జరుగుతోందో పూర్తిగా చూడండి. రివ్యూలో అడిగేది అదే.

"క్షమించండి"ని కంప్యూటర్ ఇలా దాచుకుంటుంది: క, పొల్లు, ష, మ, గుడి, సున్న, చ, సున్న, డ, గుడి. మొత్తం 10 కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఉండే నంబర్లు. తెలుగు బ్లాక్ మొత్తం యూనికోడ్ మొదటి భాగమైన బేసిక్ ప్లేన్‌లోనే ఉంది కాబట్టి యూటీఎఫ్-16 అనే దాచే పద్ధతిలో కూడా అవి 10 యూనిట్లే. జావాస్క్రిప్ట్ లెంగ్త్ లెక్కపెట్టేది ఆ యూనిట్లనే. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 30 బైట్లు. చదివే మనిషికి మాత్రం క్ష, మిం, చం, డి. నాలుగు. టెస్టింగ్‌కి వచ్చిన ఆవిడ లెక్కే కరెక్టు.

ఇంటర్నెట్‌లో చాలా చోట్ల "స్ట్రింగ్‌ని స్ప్రెడ్ చేసి మొదటిది తీసుకోండి చాలు" అని చెబుతారు. అది ఎమోజీల కోసం పుట్టిన చిట్కా. యూనిట్లకు బదులు కోడ్ పాయింట్లు ఇస్తుంది, అంతే. శ్రీనివాస్‌కి అప్పుడూ "శ"నే వస్తుంది. తెలుగుకి దానివల్ల పైసా ఉపయోగం లేదు.

మీకు కావలసింది గ్రాఫీమ్ క్లస్టర్, అంటే చదివే మనిషికి ఒకే అక్షరంగా కనిపించే ముక్క. బ్రౌజర్‌లో ఇంటల్.సెగ్మెంటర్ అనే ఏపీఐ ఉంది, గ్రాన్యులారిటీ గ్రాఫీమ్ అని ఇవ్వాలి. ఇక్కడొక మెలిక. యూనికోడ్ మూల నియమాల్లో చాలాకాలం పొల్లు తర్వాత కోత పడేది. అంటే "క్" ఒక ముక్క, "ష" ఇంకో ముక్క. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో జీబీ9సీ అనే నియమం చేర్చారు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే మధ్యలో విరగ్గొట్టకూడదని. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకి కూడా అది వర్తిస్తుంది. అంతకుముందు డేటాతో తయారైన గ్రాఫీమ్ లైబ్రరీలు ఎన్‌పీఎమ్‌లో ఇంకా తిరుగుతున్నాయి. అలాంటిది వాడితే "శ" పోయి "శ్" వస్తుంది. అది ఇంకా ఘోరం.

కోనసీమ_కోడర్

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. సెగ్మెంటర్ అన్ని బ్రౌజర్లలో ఉందా? మావాళ్లవి పాత ఆండ్రాయిడ్ ఫోన్లు.

ఒత్తులక్క

క్రోమ్‌లో 2020 చివర్లో వచ్చిన 87వ వెర్షన్ నుంచి ఉంది. సఫారీలో 14.1 నుంచి. ఫైర్‌ఫాక్స్ బాగా ఆలస్యం చేసి 2024 ఏప్రిల్‌లో 125తో ఇచ్చింది. ఆండ్రాయిడ్ పాతదైనా క్రోమ్ అప్‌డేట్ అయి ఉంటే చాలు. లేని చోట పాత పద్ధతికే పడిపోయేలా చెక్ పెట్టండి. పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేనిదాన్ని విడిగా కోడ్ దింపి పూడ్చేది) బండ మోయించకండి, ఒక్క అక్షరం కోసం అంత డేటా దింపించడం ఆ ఫోన్లకి భారం.

సర్వర్ సైడ్ రెండరింగ్ (పేజీని సర్వర్‌లోనే తయారు చేసి పంపడం) ఉంటే మాత్రం జాగ్రత్త. సెగ్మెంటర్ వెనక ఉండేది యూనికోడ్ నియమాలు అమలు చేసే ఐసీయూ లైబ్రరీ. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కీ యూజర్ బ్రౌజర్‌కీ ఐసీయూ వెర్షన్లు వేరైతే ఇద్దరూ ఒకే పేరుని వేరేగా కోయవచ్చు. అప్పుడు సర్వర్ పంపిందీ బ్రౌజర్ చేసిందీ కలవలేదని రియాక్ట్ హైడ్రేషన్ మిస్‌మ్యాచ్ అని గోల పెడుతుంది. నోడ్‌లో ప్రాసెస్.వెర్షన్స్ ప్రింట్ చేస్తే ఐసీయూ, యూనికోడ్ వెర్షన్లు రెండూ కనిపిస్తాయి. సీఐ లాగ్‌లో ఆ లైన్ ఒకటి పడేలా పెట్టండి, తర్వాత మీకే పనికొస్తుంది.

డల్లాస్_డెవ్

అవతార్ విషయంలో ఒత్తులక్క చెప్పిందానికి తిరుగులేదు. కౌంటర్ విషయంలో మాత్రం తొందరపడకండి. అది బగ్ కాదు, డిజైన్ ప్రశ్న.

హెచ్‌టీఎమ్ఎల్‌లో మాక్స్‌లెంగ్త్ (పెట్టెలో ఎంత టైప్ చేయొచ్చో చెప్పే లిమిట్) లెక్కపెట్టేది యూటీఎఫ్-16 యూనిట్లనే. స్పెసిఫికేషన్‌లోనే అలా ఉంది. మీరు కౌంటర్‌ని గ్రాఫీమ్‌లకు మార్చి, ఇన్‌పుట్‌కి మాక్స్‌లెంగ్త్ 100 అలాగే వదిలేస్తే ఏమవుతుంది? కౌంటర్ "40/100" అని చూపిస్తూ ఉండగానే కీబోర్డు ఆగిపోతుంది. యూజర్‌కి పిచ్చెక్కుతుంది. వెనక డేటాబేస్ సంగతి ఇంకోటి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో వార్‌చార్ 100 (100 లిమిట్ ఉన్న టెక్స్ట్ కాలమ్) అంటే 100 కోడ్ పాయింట్లు. ఒరాకిల్ డిఫాల్ట్‌లో 100 బైట్లు, అంటే తెలుగులో 33 కోడ్ పాయింట్లకే నిండిపోతుంది. ఇక అదే మెసేజ్ ఎస్సెమ్మెస్‌గా వెళ్తుందనుకోండి. ఇంగ్లిష్‌కి 160 ఉంటే తెలుగుకి 70, పొడవైతే ముక్కకి 67. అక్కడ లెక్క 16 బిట్ యూనిట్లలోనే. బిల్లు దాని మీదే వేస్తారు కాబట్టి మీ టెస్టర్ గారి "నాలుగు" అక్కడ తప్పు లెక్క.

ఇంకో మాట. ఆ లైబ్రరీని వాడే ఇంకెవరో పాత కౌంటర్ విలువని సర్వర్ వాలిడేషన్‌తో సరిపోల్చుకుంటూ ఉంటారు. మీ దృష్టిలో ఫిక్స్, వాళ్ల దృష్టిలో ప్రొడక్షన్ డౌన్. గూగుల్ ఇంజినీర్ హైరమ్ రైట్ పేరుతో హైరమ్స్ లా అని ఒకటి చెబుతారు. వాడేవాళ్లు తగినంతమంది ఉంటే, మీ ఏపీఐ డాక్యుమెంట్‌లో ఏం రాశారన్నది లెక్కలోకి రాదు, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారని. కాబట్టి కౌంటర్‌కి కొత్త ప్రాప్ (వాడేవాళ్లు ఎంచుకునే సెట్టింగ్) ఇవ్వండి, డిఫాల్ట్ మార్చకండి. సెమ్‌వెర్ (వెర్షన్ నంబర్లు ఇచ్చే పద్ధతి) ప్రకారం అది మైనర్ రిలీజ్ అవుతుంది. డిఫాల్ట్ మారిస్తే మేజర్ కావాలి, మెయింటెయినర్ (లైబ్రరీని చూసుకునే మనిషి) ఒప్పుకోడు.

మూడింటినీ ఒకే పీఆర్‌లో కుక్కొద్దు. అవతార్ ఒక్కటి ముందు పంపండి.

పాతబస్తీ_పైథాన్

అన్నా, పీఆర్ అంటే అందరూ తేలిగ్గా చెప్తున్నరు గానీ అవతల కూర్చున్నోళ్ల బాధ కూడా చూడాలి. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (పీఆర్‌లు పంపినోళ్లకి డిజిటల్ ఓషన్ కంపెనీ బహుమతి ఇచ్చే కార్యక్రమం) టీషర్టు కోసం రీడ్‌మీల్లో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైళ్లు) ఒక్కో మాట మార్చి వేల పీఆర్‌లు వేసిన్రు. మూడో తారీకుకల్లా డిజిటల్ ఓషన్ రూల్ మార్చి, రిపో ఓనర్ ఒప్పుకుంటేనే లెక్కలోకి వచ్చేటట్టు చేసింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే లైబ్రరీ రిపోకి ఇట్లనే అయింది. పీఆర్ ఎలా వేయాలో నేర్పే ఒక వీడియోలో ఆ రిపోనే ఉదాహరణగా చూపిస్తే, చూసిన స్టూడెంట్లు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపడం మొదలుపెట్టిన్రు. మన దేశం నుంచే ఎక్కువ. ఇప్పుడు కొత్త ప్రొఫైల్ నుంచి చిన్న పీఆర్ వస్తే మెయింటెయినర్ ముందు అనుమానంగానే చూస్తడు. తప్పు పట్టలేం.

అందుకే కోడ్ కంటే ముందు ఇష్యూలో రాయి. పాత హిందీ ఇష్యూ ఉంది కదా, కొత్తది తెరవకుండా దాని కిందే రాయి. స్క్రీన్‌షాట్ ఒకటి, కోడ్‌శాండ్‌బాక్స్‌లో పది లైన్ల రీప్రో (లోపం మళ్లీ కనిపించేలా చేసే కోడ్) ఒకటి, ఏ వెర్షన్‌లో వస్తోందో. "ప్లీజ్ అసైన్ మీ సర్" అని మాత్రం రాయకు, దండం పెడతా.

నైట్‌షిఫ్ట్

ఇదంతా బానే ఉంది. నెల దాకా జవాబు రాకపోతే? రోజూ ట్యాగ్ చేస్తూ కూర్చోవాలా? ఫోర్క్ తప్పేం కాదు, చరిత్ర చూడండి. 2014 డిసెంబర్‌లో నోడ్ నుంచి ఐఓ.జేఎస్ ఫోర్క్ అవ్వబట్టే కదా అవతలివాళ్లు కదిలారు. 2015 సెప్టెంబర్‌లో రెండూ కలిసి నోడ్ 4 అయ్యింది. ఫోర్క్ లేకపోతే 0.12 దగ్గరే ఉండేవాళ్లం.

సెమీకోలన్

ఐఓ.జేఎస్ ఫోర్క్ చేసినవాళ్లు నోడ్ కోర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. డెలివరీ టెన్షన్‌లో ఉన్న నలుగురి టీమ్‌కి ఆ ఉదాహరణ సరిపోదు.

ట్యాగ్ చేయడం గురించి మాత్రం సీరియస్‌గా చెబుతున్నా. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ టూల్ వ్యవహారం గుర్తుందా? 2024 మార్చిలో అందులో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి వచ్చే దారి) బయటపడింది. దానికి పునాది 2022లోనే వేశారు. ముక్కూమొహం తెలియని అకౌంట్లు వచ్చి ఒంటరిగా లాక్కొస్తున్న మెయింటెయినర్‌ని "ప్యాచ్‌లు చూడట్లేదు, ప్రాజెక్టు చచ్చిపోయింది, ఇంకొకరికి ఇచ్చెయ్" అని మెయిలింగ్ లిస్టులో సతాయించాయి. ఆ ఇంకొకరే తర్వాత బ్యాక్‌డోర్ పెట్టింది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్ గమనించబట్టి బతికిపోయాం. అప్పటినుంచి తొందరపెట్టే కొత్త మొహాలంటే మెయింటెయినర్లకి ఒళ్లు మండుతుంది. ఒకసారి మర్యాదగా అడిగి వదిలేయండి. ప్యాచ్ ఉంది కదా, మీ డెలివరీ ఆగదు.

మరొకటి, కంపెనీ టైమ్‌లో రాసిన కోడ్ ఎవరిదో మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో చూసుకోండి. చాలా సర్వీస్ కంపెనీల కాగితాల్లో నువ్వు రాసిందంతా మాదే అని ఉంటుంది. లీడ్‌తో ఒక మెయిల్ పెట్టించుకుంటే చాలు. రిపో సైన్డ్-ఆఫ్-బై లైన్ అడిగితే అది ఉత్త ఫార్మాలిటీ అనుకోకండి, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని మీరు చెబుతున్నట్టు.

డల్లాస్_డెవ్

సందర్భం వచ్చింది కాబట్టి ఒకటి. 2016 మార్చి 22న లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే బేబెల్ లాంటివే బిల్డ్ కాలేదు. ఆ తర్వాత జావాస్క్రిప్ట్ భాషలోకే అదే పని చేసే (ముందు ఖాళీలు చేర్చి పొడవు సరిచేసే) ప్యాడ్‌స్టార్ట్ వచ్చింది, ఈఎస్ 2017లో. ఆ ప్యాడ్‌స్టార్ట్ కూడా యూటీఎఫ్-16 యూనిట్లే లెక్కపెడుతుంది. తెలుగు పేర్లని దానితో సర్ది రిపోర్టు ప్రింట్ చేసి చూడండి, ఒక్క కాలమ్ కూడా కుదురుగా నిలబడదు. అంటే స్టాండర్డ్‌లోకి వచ్చినంత మాత్రాన మన లిపికి పని జరిగినట్టు కాదు. అడిగేవాళ్లు ఉండాలి.

కోనసీమ_కోడర్

అప్‌డేట్. లీడ్ ఒప్పుకున్నారు, మెయిల్ కూడా పెట్టారు. టైటిళ్లన్నీ సీఎస్ఎస్‌కి మార్చేశాం. అవతార్‌కి ప్యాచ్ పెట్టి డెలివరీ ఇచ్చేశాం. కౌంటర్‌ని ప్రస్తుతానికి కనిపించకుండా చేసి, లిమిట్ పెంచాం.

పాత ఇష్యూ కింద రాసి, అవతార్ ఒక్కదానికీ పీఆర్ వేశాను. మొదటి కమిట్‌లో ఫెయిలయ్యే టెస్ట్ మాత్రమే, రెండో కమిట్‌లో ఫిక్స్. మెయింటెయినర్ జవాబిచ్చారు. మూడు విషయాలు అడిగారు. ఒకటి, ఇంగ్లిష్ పేర్లకి ఏమైనా మారుతుందా. రెండు, పొడవైన లిస్టులో వందల అవతార్లు ఉంటే స్లో అవుతుందా. మూడోది ఆసక్తిగా అనిపించింది: "నాకు తెలుగు రాదు, ఈ టెస్ట్ కరెక్టో కాదో నేనెలా రివ్యూ చేయను?" అని.

ఒత్తులక్క

మంచి మెయింటెయినర్ దొరికారు.

స్లో సంగతికి, సెగ్మెంటర్ ఆబ్జెక్ట్‌ని ప్రతి రెండర్‌లో సృష్టించకుండా ఫైలు పైన ఒక్కసారే చేసి పెట్టుకోండి. ఖర్చంతా దాన్ని తయారు చేయడంలోనే. పైగా అది ఇచ్చేది ఇటరేటర్ కాబట్టి మొదటి ముక్క తీసుకుని ఆగిపోవచ్చు, పేరంతా కోయనవసరం లేదు.

మూడోదానికి, టెస్టుల్లో తెలుగు పదంతో పాటు కోడ్ పాయింట్లు ఎస్కేప్ రూపంలో (నంబర్లుగా) కూడా రాయండి. పక్కన ఒక కామెంట్: హల్లు, పొల్లు, హల్లు, అచ్చు గుర్తు, జీబీ9సీ ప్రకారం ఒకే ముక్క. తెలుగు రానివాళ్లు కూడా నియమంతో సరిచూసుకోగలరు. రేపు ఎవరైనా "సింప్లిఫై" చేయబోతే ఆ టెస్టే ఆపుతుంది. నా లెక్కలో ఈ పీఆర్‌లో విలువైన భాగం ఫిక్స్ కాదు, అదే. ఫిక్స్ ఎవరైనా రాస్తారు, "ష్ట్ర" ఒకే అక్షరమని వాళ్లకి తెలిసే దారి అదొక్కటే.

కేసులు ఇవి పెట్టండి. "శ్రీనివాస్"కి "శ్రీ". "జ్యోతి"కి "జ్యో". "ఋషి"కి "ఋ". "అంజలి"కి "అం". "జ్ఞానేశ్వరి"కి "జ్ఞా". ఈ "జ్ఞా" చరిత్ర ఉన్న అక్షరం. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం ఈ వరుసలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

ఆ నాన్ జాయినర్ కేసు కూడా ఒకటి ఉండాలి. "సాఫ్ట్‌వేర్" అని సరిగ్గా రాస్తే ట పొల్లుకీ వకీ మధ్య ఆ కనబడని క్యారెక్టర్ ఉంటుంది, లేకపోతే ట కింద వ ఒత్తు వచ్చేస్తుంది. ఇన్‌పుట్ శుభ్రం చేసే ఫంక్షన్లు కొన్ని దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. మీ లైబ్రరీలో అలాంటిది ఉందేమో చూడండి.

పాతబస్తీ_పైథాన్

ఇంకో కేసు. మన దగ్గర ఇంటిపేరు ముందు ఉంటది కదా, "కె. శ్రీనివాస్" అని. లైబ్రరీ రెండు పదాల మొదటి అక్షరాలు తీసుకుంటే "కెశ్రీ" వస్తది. చిన్న గుండ్రంలో ఇది పడుతదా?

కోనసీమ_కోడర్

పట్టలేదు అన్నా, అటూ ఇటూ తెగింది. ఆ లైబ్రరీ రెండు అక్షరాలకీ ఒకే ఫాంట్ సైజు ఇస్తుంది. మా యాప్‌లో మాత్రం ఒక్క అక్షరమే చూపించేలా ప్రాప్ పెట్టాం, అదీ చివరి పదం నుంచి. పీఆర్‌లో ఆ సంగతి కదపలేదు. ఏది ఇంటిపేరో లైబ్రరీకి తెలియదు కదా.

అయితే ఒత్తులక్క ఇచ్చిన కేసులన్నీ పెట్టాక సీఐలో ఒక్కటే ఎర్రగా ఉంది. వాళ్లు మూడు నోడ్ వెర్షన్ల మీద నడుపుతారు, అన్నిటికంటే పాతదాంట్లో మాత్రమే ఫెయిల్.

ఒత్తులక్క

ఆ రన్‌లో యూనికోడ్ వెర్షన్ ఎంత చూపిస్తోంది? ఏ కేసు పోయిందో కూడా చెప్పండి. ఒత్తు ఉన్న కేసే పోయి, వెర్షన్ 15.1 కంటే తక్కువైతే అది మీ కోడ్ తప్పు కాకపోవచ్చు. టెస్ట్‌ని తీసేయకండి. వెర్షన్ చూసి స్కిప్ అయ్యేలా రాసి, ఎందుకో పీఆర్ వివరణలో ఒక లైన్ పెట్టండి. ఆ పాత నోడ్‌ని వాళ్లు వదిలేసిన రోజున స్కిప్ తీసేస్తారు.

డల్లాస్_డెవ్

పనిలో పని, ఆ లైబ్రరీ కార్డు టైటిల్ లైన్-హైట్ ఎంతో చూశారా? 1.2 ఉండి ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే "రాష్ట్రం" కింద ఒత్తులు సగానికి తెగుతాయి. మీరు ఎలిప్సిస్ పెట్టారంటే హిడెన్ తప్పనిసరిగా ఉండే ఉంటుంది.

కోనసీమ_కోడర్

తెగుతున్నాయండి, నిన్ననే కనబడింది. మా వైపు 1.6 చేశాం. వాళ్లకి వేరే ఇష్యూగా వేశాను, ఈ పీఆర్‌లో కలపలేదు. నోడ్ వెర్షన్ లాగ్ సాయంత్రం పెడతాను అక్కా.